కదలని కొలువు.. వదలని నొప్పి
కార్యాలయాల్లో మర్దనతో ఉపశమనం ఎంత? దాని పరిమితులేమిటి?

విశాఖపట్నం: ఓడరేవులో బస్తాలు మోసిన కళాసీకి సాయంత్రానికి నడుము పట్టేసిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఉక్కు కర్మాగారంలో కొలిమి వేడికి ఎదురొడ్డి పనిచేసిన కార్మికుడు ఒళ్లు నొప్పులన్నా అంతే. చల్లని గదిలో మెత్తని కుర్చీపై కూర్చుని కంప్యూటర్ మీటలు నొక్కే ఉద్యోగి మాత్రం మెడ తిప్పలేకపోతున్నానంటే ఇంట్లోవారే నమ్మరు. 'కూర్చుని చేసే పనికి నొప్పులేమిటి?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ నొప్పి నిజమైనదే. దానికి శాస్త్రీయమైన కారణం ఉంది, ఉపశమన మార్గాలూ ఉన్నాయి. వాటిలో ఒకటి పనిచేసే చోటనే పది పదిహేను నిమిషాల పాటు చేయించుకునే మర్దన. పాశ్చాత్య దేశాల్లో నలభై ఏళ్లుగా ఆచరణలో ఉన్న ఈ పద్ధతి ఎంతవరకు మేలు చేస్తుంది, ఎక్కడ చేయదు, ఎవరు జాగ్రత్త పడాలి అన్నది తెలుసుకోవడం అవసరం.

రెక్కల కష్టం నుంచి మెడ కష్టానికి..

విశాఖ నగరం శ్రమ మీద ఎదిగింది. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. ఎన్నో ఉద్యమాల ఫలంగా వచ్చిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో నాటి ప్రధాని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఈ సంస్థలన్నీ రెక్కల కష్టానికి పేరుపడినవే. కాలక్రమంలో పని స్వరూపం మారింది. మనుషులు మోసిన బరువును కన్వేయర్లు, క్రేన్లు మోస్తున్నాయి. చేతిరాత దస్త్రాలు కంప్యూటర్లలోకి చేరాయి. సిరిపురం, ద్వారకానగర్, డాబాగార్డెన్స్ ప్రాంతాల్లోని బ్యాంకులు, బీమా కార్యాలయాలకు తోడు మధురవాడ, రుషికొండ కొండలపై ఐటీ సంస్థలు వెలిశాయి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ ఇక్కడ తన కేంద్రాన్ని ప్రారంభించగా, భారీ డేటా కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. తెర ముందు కూర్చునే చేతుల సంఖ్య నగరంలో ఏటేటా పెరిగేదే తప్ప తరిగేది కాదు.

ఐటీ ఉద్యోగులొక్కరే బాధితులనుకుంటే పొరపాటు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ పేర్లతో పిలిచే ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసుల పనితీరును తెరలపై గమనించే కంట్రోల్ రూమ్ సిబ్బందిది కూడా కుర్చీ కొలువే. ఓడరేవు కంటెయినర్ టెర్మినల్‌లో ఎత్తైన క్రేన్ నడిపే ఆపరేటర్ అద్దాల గదిలో కూర్చుని, ముందుకు వంగి, తన కాళ్ల మధ్య నుంచి కిందనున్న పెట్టెల వైపు చూస్తూ గంటల తరబడి పనిచేయాలి. మెడ నొప్పులు ఎక్కువగా కనిపించే వృత్తుల్లో ఇదొకటి. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో కాగితం చూసి టైపు చేసే గుమస్తా, బ్యాంకు కౌంటర్‌లో తల ఒక పక్కకు తిప్పి ఖాతాదారుతో మాట్లాడుతూ మరో పక్క మీటలు నొక్కే క్యాషియర్ కూడా ఈ కోవలోని వారే.

బరువు మోయకున్నా నొప్పి ఎందుకు?

మనిషి తల బరువు సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు ఉంటుంది. తల నిటారుగా ఉన్నప్పుడు ఈ భారాన్ని వెన్నెముక సులువుగానే మోస్తుంది. ముందుకు వాలిన కొద్దీ మెడపై పడే ఒత్తిడి పెరుగుతుంది. అమెరికా శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో వేసిన లెక్క ప్రకారం తల 60 డిగ్రీలు వంగినప్పుడు మెడపై పడే ఒత్తిడి సుమారు 27 కిలోలకు సమానం. ఇది గణిత నమూనా ఆధారంగా కట్టిన అంచనాయే అయినా, సెల్‌ఫోన్‌లోకి తలవంచి చూసే ప్రతివారూ గుర్తుంచుకోదగినది.

రెండో కారణం కండరంలోనే ఉంది. కండరంలోని పోగులన్నీ ఒక్కసారి పనిలోకి దిగవు. చిన్న పనికి ముందుగా చిన్న పోగులు కదులుతాయి. పని పెద్దదైతేనే పెద్ద పోగులు తోడవుతాయి. పని పూర్తయ్యే వరకు ఆ చిన్న పోగులకు విశ్రాంతి దొరకదు. మౌస్ పట్టుకోవడం, భుజం కొద్దిగా ఎత్తి ఉంచడం వంటివి ఎంతో తేలికైన పనులు. వాటికి అయ్యే శ్రమ తక్కువే గానీ, అదంతా రోజంతా అవే కొన్ని పోగులపై పడుతుంది. ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచి, అందరూ పడుకున్నాకే నడుము వాల్చే ఇల్లాలి పరిస్థితి వంటిదే ఇది. స్వీడన్ పరిశోధకుడు యోరాన్ హెగ్ 1991లో ఈ సంగతిని వివరిస్తూ దీనికి 'సిండ్రెల్లా పరికల్పన' అని పేరు పెట్టారు. మెడ నుంచి భుజాల వరకు పరుచుకుని ఉండే ట్రపీజియస్ కండరం ఈ విధంగా అలిసిపోయే వాటిలో ముఖ్యమైనది.

బస్తా మోసే కళాసీ కండరం బిగుస్తుంది, బస్తా దించగానే సడలుతుంది. ఆ సడలింపులోనే దానికి రక్తం, ఊపిరి అందుతాయి. కుర్చీ కొలువులో ఆ దించే క్షణమే రాదు. దీనికి గడువులు, లక్ష్యాలు, పై అధికారి ఫోన్లు తోడైతే తెలియకుండానే భుజాలు చెవుల వైపు లేస్తాయి. ఏసీ చలిగాలి నేరుగా మెడపై పడితే మనిషి మరింత ముడుచుకుపోతాడు. గాజువాక నుంచి రుషికొండ వరకు ద్విచక్రవాహనంపై వెళ్లివచ్చే ఉద్యోగికి దారిలోని కుదుపులు అదనం.

ఒళ్లు పట్టడం మనకు కొత్త కాదు

మర్దన మనకు పరాయి విద్య కాదు. పసిబిడ్డకు నూనె రాసి, కాళ్లు చేతులు సాగదీసి స్నానం చేయించడం, పండగనాడు నువ్వుల నూనెతో తలంటు, పెళ్లికి ముందు నలుగు, పొలం నుంచి వచ్చిన తాతకు మనవడు కాళ్లు పిసకడం.. ఇవన్నీ తెలుగిళ్లలో తరతరాలుగా వస్తున్నవే. ప్రతిరోజూ అభ్యంగనం చేసుకోవాలని, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు నూనె పట్టించాలని ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం దినచర్యలో చెప్పింది. అజీర్ణంతో ఉన్నవారు, కఫం అధికంగా ఉన్నవారు అభ్యంగనం చేసుకోరాదని కూడా అదే గ్రంథం హెచ్చరించింది. మర్దన అందరికీ అన్ని వేళలా మంచిది కాదన్న వివేకం మన పెద్దలకు ఆనాడే ఉంది.

క్షౌరశాలలో జుట్టు కత్తిరించాక తలకు చేసే మాలిష్ కూడా ఒకరకంగా కుర్చీ మర్దనే. అయితే నూనె మర్దనకు దుస్తులు తీయాలి, పడుకోవాలి, తర్వాత స్నానం చేయాలి. కార్యాలయంలో ఇవేవీ కుదరవు. ఆ అవసరం నుంచే కొత్త పద్ధతి పుట్టింది.

కుర్చీ మర్దన పుట్టింది ఇలా..

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన డేవిడ్ పామర్ అనే మర్దన శిక్షకుడు 1980వ దశకం తొలినాళ్లలో, దుస్తులపైనే, నూనె లేకుండా, కూర్చోబెట్టి చేసే మర్దనను రూపొందించారు. జపాన్‌లో శతాబ్దాలుగా ఉన్న 'అన్మా' అనే సంప్రదాయ పద్ధతి దీనికి ఆధారం. 1985లో యాపిల్ కంప్యూటర్ సంస్థ ఉద్యోగులకు ఈ సేవ అందించారు. ముందుకు వాలి కూర్చుని, ఛాతీని దిండుకు ఆనించి, ముఖాన్ని గుండ్రని మెత్తపై ఉంచేలా ప్రత్యేకంగా చేసిన కుర్చీ 1986లో మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత విమానాశ్రయాలకు, ఆసుపత్రులకు, కార్యాలయాలకు ఈ పద్ధతి వ్యాపించింది. గూగుల్ సంస్థ సుమారు 40 మంది ఉద్యోగులతో చిన్నగా ఉన్న 1999లోనే బానీ బ్రౌన్ అనే మర్దన నిపుణురాలిని నియమించుకుంది. సంస్థ ఇచ్చిన వాటాల పుణ్యమా అని ఆమె తర్వాత కోటీశ్వరురాలయ్యారు.

పరిశోధనలు ఏం తేల్చాయి?

అమెరికాలోని మయామీలో ఉన్న స్పర్శ పరిశోధన సంస్థకు చెందిన టిఫనీ ఫీల్డ్ బృందం 1996లో ఒక అధ్యయనం ప్రచురించింది. 26 మందికి వారానికి రెండుసార్లు చొప్పున ఐదు వారాల పాటు, ప్రతిసారీ 15 నిమిషాలు కుర్చీ మర్దన చేశారు. మరో 24 మందిని అంతే సేపు ఊరికే సేద తీరమన్నారు. మర్దన పొందినవారిలో ఆందోళన తగ్గి, చురుకుదనం పెరిగింది. లెక్కలు వేగంగా, తక్కువ తప్పులతో చేయగలిగారు. కార్యాలయ మర్దనకు అనుకూలంగా తరచుగా చూపే అధ్యయనం ఇదే. అందులో పాల్గొన్నవారు కొద్దిమందేనన్న సంగతి మరువరాదు.

నొప్పి విషయానికి వస్తే ఫలితాలు అంత ఘనంగా లేవు. నడుము నొప్పికి మర్దనపై 25 ప్రయోగాలను, వాటిలోని 3,096 మంది వివరాలను కాక్రేన్ సంస్థ 2015లో సమీక్షించింది. మర్దన స్వల్పకాలం ఉపశమనం ఇవ్వవచ్చని, అయితే ఆధారాల నాణ్యత తక్కువని తేల్చింది. దీర్ఘకాలిక మెడ నొప్పి ఉన్న 228 మందిపై అమెరికాలో జరిపిన మరో ప్రయోగ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. వారానికి రెండు మూడుసార్లు గంటసేపు మర్దన పొందినవారికి మేలు కనిపించింది. అరగంట చొప్పున పొందినవారికి చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ ఫలితాలను కలిపి చూస్తే విషయం తేటపడుతుంది. పదిహేను నిమిషాల మర్దన అలసటను, ఆందోళనను తగ్గించి, పట్టేసిన భుజాలను ఆ పూటకు సడలించగలదు. ఏళ్ల తరబడి ముదిరిన మెడ నొప్పిని అది నయం చేస్తుందని మాత్రం ఆశించరాదు.

లాక్టిక్ ఆమ్లం కథ

మర్దన చేస్తే కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం కరిగి బయటకు పోతుందని చాలామంది చెబుతుంటారు. ఇది నిజం కాదు. శ్రమతో పుట్టే లాక్టేట్ కొద్ది గంటల్లోనే శరీరం నుంచి దానంతటదే తొలగిపోతుంది. కఠిన వ్యాయామం చేసిన 11 మంది యువకులకు ఒక కాలికి మాత్రమే పది నిమిషాలు మర్దన చేసి, రెండు కాళ్ల కండరాలను పోల్చిచూసిన అధ్యయనం 2012లో వెలువడింది. మర్దన చేసిన కాలిలో వాపుకు సంబంధించిన సంకేతాలు తగ్గాయి గానీ, లాక్టేట్ స్థాయిలో తేడా లేదు.

మరి నొప్పి ఎందుకు తగ్గుతుంది? దెబ్బ తగిలిన చోట వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా.. కారణం అక్కడే ఉంది. స్పర్శ, ఒత్తిడి సంకేతాలు వెన్నుపాముకు చేరినప్పుడు నొప్పి సంకేతాల దారి కొంత మూసుకుంటుంది. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో దీన్ని ద్వార నియంత్రణ సిద్ధాంతంగా ప్రతిపాదించారు. దీనికి తోడు కళ్లు మూసుకుని, పని మరచి, నెమ్మదిగా ఊపిరి తీసుకునే ఆ పదిహేను నిమిషాలు మనసును తేలిక పరుస్తాయి. బిగిసిన భుజాలు దిగుతాయి.

కార్యాలయంలో ఏర్పాటు ఎలా?

దీనికి పెద్ద ఖర్చు, పెద్ద గది అవసరం లేదు. ఒక మూల, ఒక మర్దన కుర్చీ, శుభ్రమైన గుడ్డలు, చేతులు కడుక్కునే వీలు ఉంటే చాలు. ప్రత్యేక కుర్చీ లేకుంటే మామూలు కుర్చీని బల్ల వైపు తిప్పి, బల్లపై దిండు ఉంచి దానిపై నుదురు ఆనించి కూర్చోవచ్చు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, మనిషి మారడానికి ఐదు నిమిషాలు లెక్కిస్తే ఒక నిపుణుడు గంటకు ముగ్గురికి, ఆరు గంటల్లో 18 మందికి సేవ చేయగలడు. వారానికి ఐదు రోజులు వస్తే 90 మంది ఉన్న కార్యాలయంలో అందరికీ వారానికి ఒక వంతు వస్తుంది.

మర్దన దుస్తులపైనే జరగాలి. మెడ, భుజాలు, వీపు పైభాగం, చేతులు, అరచేతులకే పరిమితం కావాలి. మొదట అరచేతితో నెమ్మదిగా ఒత్తడం, తర్వాత పిండినట్లు పిసకడం, బొటనవేలితో బిగిసిన చోట కొద్ది క్షణాలు నొక్కి ఉంచడం, చివర తేలికగా తట్టడం క్రమం. నొప్పి పుడితే వెంటనే ఆపాలి. 'గట్టిగా నొక్కితేనే గుణం' అన్న అభిప్రాయం సరికాదు.

నగరంలో స్పాల ముసుగులో సాగే అక్రమాలపై పోలీసుల దాడులు అప్పుడప్పుడు వార్తల్లోకి ఎక్కుతుంటాయి. దాంతో మర్దన అన్న మాటంటేనే కొందరు ముఖం చిట్లిస్తారు. మహిళా ఉద్యోగులకు సంకోచం మరింత ఎక్కువ. అందుకే తలుపులు మూసిన గదిలో కాక, పది మందికి కనిపించే చోట ఏర్పాటు ఉండాలి. మహిళలకు మహిళా నిపుణురాలు ఉండాలి. ఇష్టం లేనివారిని బలవంతపెట్టకూడదు. ఎవరు వచ్చారు, ఎవరికి ఏ నొప్పి ఉంది అన్న వివరాలు యాజమాన్యానికి చేరకూడదు.

మర్దన చేసేవారి అర్హత కూడా ముఖ్యమే. ఫిజియోథెరపిస్టు వృత్తి 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి వచ్చింది. నొప్పికి కారణం తేల్చి, చికిత్స నిర్ణయించే శిక్షణ వారికి ఉంటుంది. నెలకొకసారి ఫిజియోథెరపిస్టును రప్పించి, ఉద్యోగులను పరీక్షింపజేసి, మిగతా రోజుల్లో శిక్షణ పొందిన మర్దన నిపుణులతో సేవ అందించడం మేలైన పద్ధతి.

చూపు లేకున్నా చేతుల్లో నేర్పు

జపాన్‌లో ఈ విషయంలో ఆదర్శప్రాయమైన సంప్రదాయం ఉంది. పదిహేడో శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు చూపులేనివారికి సూది వైద్యం, మర్దన నేర్పే పాఠశాలలు నెలకొల్పారు. నేటికీ ఆ దేశంలో పలు కంపెనీలు చూపులేని మర్దన నిపుణులను 'హెల్త్ కీపర్లు' అన్న పేరుతో ఉద్యోగులుగా నియమించుకుంటున్నాయి. సంస్థలోని మిగతా సిబ్బందికి మర్దన చేయడమే వారి ఉద్యోగం. ఒకే ఏర్పాటుతో ఇటు ఉద్యోగులకు ఉపశమనం, అటు చూపులేనివారికి గౌరవప్రదమైన కొలువు దక్కుతున్నాయి.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు నాలుగు శాతం కేటాయించింది. అందులో ఒక శాతం చూపులేనివారికి, చూపు మందగించినవారికి చెందుతుంది. వేల మంది సిబ్బంది ఉన్న ప్రభుత్వ రంగ సంస్థలు, ఐటీ కంపెనీలు ఉన్న విశాఖలో జపాన్ పద్ధతిని అనుసరించేందుకు అవకాశం పుష్కలంగా ఉంది. తగిన శిక్షణ, అందుకు తగిన వేతనం ఉంటే చాలు.

మెడ విరుపు వద్దు

మర్దన చివర మెడను ఒక్కసారిగా పక్కకు తిప్పి 'టక్' మనిపించడం కొన్ని క్షౌరశాలల్లో అలవాటు. ఇది ప్రమాదకరం. మెడ ఎముకల గుండా మెదడుకు వెళ్లే రక్తనాళాల లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీయవచ్చు. ఇలాంటి ఘటనలు అరుదే అయినా వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. జుట్టు కడిగేందుకు మెడను వెనక్కు వంచి ఉంచినా ఈ ప్రమాదం ఉంటుంది. దీన్ని వైద్యులు బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అంటారు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు ఇలా జరిగినట్లు నరాల వైద్యుడొకరు వెల్లడించారు. మెడ విరవబోతే వద్దని చెప్పే హక్కు మీకుంది.

జ్వరం, చర్మవ్యాధి, ఇటీవల దెబ్బ తగిలి ఎముక విరిగినవారు మర్దన చేయించుకోరాదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని పిసకడం ప్రాణాంతకం కావచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు, రక్తపోటు అదుపులో లేనివారు, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు, గర్భిణులు వైద్యుని సలహా తీసుకున్నాకే మర్దనకు వెళ్లాలి.

కొన్ని నొప్పులకు మర్దనతో కాలయాపన చేయకూడదు. మెడ నుంచి చేతిలోకి, నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి, పట్టు తప్పడం, మలమూత్రాలపై అదుపు పోవడం నరాలపై ఒత్తిడికి సంకేతాలు. ఎడమ భుజం, దవడ, ఛాతీలో నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే అది కండరాల నొప్పి కాకపోవచ్చు, గుండెపోటు కావచ్చు. అమృతాంజనం రాసి కూర్చోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఎవరికి వారే చేసుకోవచ్చు

కార్యాలయంలో ఏర్పాటు లేదని నిరాశ పడనక్కరలేదు. కుడి చేతిని ఎడమ భుజంపై వేసి, మెడకు భుజానికి మధ్యనున్న కండను వేళ్లతో పట్టి, ఐదు లెక్కించే వరకు నొక్కి వదలాలి. ఇలా ఐదారుసార్లు చేశాక రెండో పక్క చేయాలి. టెన్నిస్ బంతిని గోడకు, వీపుకు మధ్య ఉంచి అటూ ఇటూ కదిలితే రెక్కల మధ్య పట్టు సడలుతుంది. బంతి వెన్నెముక మీద కాక, దానికి పక్కనున్న కండపై ఉండాలి. మౌస్ పట్టే చేతిని మోచేతి నుంచి మణికట్టు వరకు బొటనవేలితో మెల్లగా రుద్దాలి. మొత్తం ఐదు నిమిషాలు చాలు.

మర్దన కంటే నిలకడగా ఫలితమిచ్చేది వ్యాయామం. తరచూ మెడ, భుజాల నొప్పి ఉన్న 198 మంది కార్యాలయ ఉద్యోగులపై డెన్మార్క్‌లో జరిపిన ప్రయోగ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. సాగే రబ్బరు పట్టీని కాళ్ల కింద తొక్కిపట్టి, రెండు చేతులను పక్కలకు భుజాల ఎత్తు వరకు లేపడమే వ్యాయామం. ఒక బృందం రోజుకు రెండు నిమిషాలు, మరో బృందం 12 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, పది వారాల పాటు చేశాయి. రెండు బృందాల్లోనూ నొప్పి తగ్గింది. రోజుకు కేవలం రెండు నిమిషాలు అన్నదే ఇక్కడ గమనించవలసింది.

కూర్చునే తీరును కూడా సరిచేసుకోవాలి. తెర పైఅంచు కంటి ఎత్తుకు సమానంగా, చేయి చాపినంత దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే కింద నాలుగు లావుపాటి రిజిస్టర్లు పెట్టి, విడిగా కీబోర్డు వాడుకోవచ్చు. కాగితం చూసి టైపు చేసేవారు దాన్ని బల్లపై పరచకుండా తెర పక్కనే నిలబెట్టుకోవాలి. పాదాలు నేలకు ఆనాలి. మన కార్యాలయాల్లో కుర్చీ వెనుక తువ్వాలు పరచడం ఆనవాయితీ. దాన్నే చుట్టగా చుట్టి నడుము ఒంపులో పెట్టుకుంటే ఖరీదైన కుర్చీ ఇచ్చే ఆసరాలో చాలావరకు దొరుకుతుంది.

విరామమే అసలు మందు

ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండటమే ఈ నొప్పులకు మూలం. కాబట్టి ప్రతి అరగంటకు ఒకసారి లేచి నాలుగు అడుగులు వేయడానికి మించిన మందు లేదు. ఫోన్ వస్తే నిలబడి మాట్లాడటం, పక్క సెక్షన్‌కు సందేశం పంపే బదులు స్వయంగా వెళ్లడం, మంచినీళ్ల సీసాను చిన్నది పెట్టుకుని తరచూ నింపుకోవడం వంటివి ఖర్చు లేని ఉపాయాలు. తెర ముందు పనిచేసేవారికి మధ్య మధ్య విరామమో, పని మార్పో ఉండాలని ఐరోపా సమాజం 1990లోనే సభ్య దేశాలను ఆదేశించింది.

మన రాష్ట్రంలో పరిస్థితి వేరు. ప్రైవేటు రంగంలో రోజువారీ గరిష్ఠ పని గంటలను తొమ్మిది నుంచి పదికి పెంచాలని 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఐదు గంటల పనికి గంట విరామం అన్న నిబంధనను ఆరు గంటలకు మార్చాలని కూడా అప్పుడే నిర్ణయం తీసుకుంది. పెట్టుబడులకు ఇది అనుకూలమని ప్రభుత్వం చెప్పగా, కార్మిక సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. రాజకీయ వాదోపవాదాలను పక్కన పెట్టి కేవలం కండరం వైపు నుంచి చూసినా, విరామం వెనక్కి జరిగిన కొద్దీ నొప్పి ముందుకు వస్తుంది.

అందుకే కార్యాలయ మర్దనను విరామానికి ప్రత్యామ్నాయంగా చూడరాదు. పది గంటలు కదలకుండా కూర్చోబెట్టి, వారానికి పదిహేను నిమిషాలు భుజాలు పట్టించినంత మాత్రాన యాజమాన్యం బాధ్యత తీరదు. ముందు సరైన కుర్చీ, తగిన ఎత్తులో తెర, మధ్య మధ్య లేచే స్వేచ్ఛ ఉండాలి. ఆ మూడూ ఉన్నచోట మర్దన వాటి ఫలితాన్ని పెంచుతుంది. లేనిచోట అది పూటకు సరిపడే ఓదార్పుగానే మిగులుతుంది.

నొప్పితో బాధపడుతున్న ఉద్యోగులు సిగ్గుపడకుండా ఆ విషయం పై అధికారులకు, ఉద్యోగ సంఘాలకు తెలియజేయాలి. రెండు మూడు వారాలకు మించి తగ్గని నొప్పికి కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ వైద్యశాలల్లో గానీ, తమ సంస్థ ఆసుపత్రిలో గానీ చూపించుకోవాలి. సంస్థలు కూడా ఏటా జరిపే వైద్య పరీక్షల్లో రక్తపోటు, చక్కెరలతో పాటు మెడ, నడుము గురించి రెండు ప్రశ్నలు అడిగితే, ఏ సెక్షన్‌లో ఏ కుర్చీ మార్చాలో వారికే తెలుస్తుంది.